కాలరు నుంచి మొదలైన చొక్కా

ఉద్యోగం మానేసిన సంగతి ఇంజనీరమ్మ ముందు భర్తకి చెప్పింది, తర్వాత ఎదురింటావిడకి చెప్పింది, ఆఖరికి పాలు పోసే అతనికి కూడా చెప్పింది. అక్కకి చెప్పడానికే నోరు పెగల్లేదు. వీధి వీధంతా తెలిసిపోయిన సంగతి ఏ నిమిషాన్నయినా అక్క చెవిన పడుతుందని భయం పట్టుకున్నాక, ఒక సెలవురోజు పొద్దున్నే గుండె చిక్కబట్టుకుని అక్కావాళ్ళింటికి బయల్దేరింది.

అక్క వంటగదిలో టీ వడపోస్తోంది. బావ ముందుగదిలో రేడియో విప్పి, దాని భాగాలన్నీ పేపరు మీద పరిచి, ఏది ఎక్కడిదో మర్చిపోయి దిక్కులు చూస్తూ కూర్చున్నాడు. మరదల్ని చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"రా రా ఇంజనీరమ్మా! సమయానికి వచ్చావు. దీన్ని మళ్ళీ రేడియో చేసిపెట్టు."

"నేను ఇంజనీర్ని కాదు బావా. మానేశాను."

అలా అనాలని ఆమె అనుకుని రాలేదు. మెల్లగా, టీ తాగాక, వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడాక చెబుదామనుకుంది. నోటి తొందర. వంటగదిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

అక్క టీగ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏం మానేశావు?"

"ఉద్యోగం."

"ఎవరేమన్నారే? చెప్పు, నేనొచ్చి మాట్లాడతాను." ఇంజనీరమ్మకి ఇరవైల్లో కొలువు దొరికి, ముప్పైల్లో పైస్థాయికి వెళ్ళినా, ఎవరైనా ఏమైనా అంటే తను వెళ్ళి మాట్లాడాలనే అక్క ఉద్దేశం.

"ఎవరూ ఏమీ అనలేదక్కా. నేనే మానేశాను. బట్టలు డిజైన్ చెయ్యడం నేర్చుకుంటాను. ఫ్యాషన్ స్కూల్లో చేరాను."

అక్క ముందు నవ్వింది. వేళాకోళం అనుకుంది పాపం. తర్వాత చెల్లెలి మొహం చూసి నవ్వు ఆపింది. "బట్టలంటే... కుట్టడమా?"

"గీయడం, కత్తిరించడం. కుట్టడం కూడా ఉంటుంది."

"నువ్వు మిషను ముట్టుకోకూడదనే కదే, నేను ముట్టుకున్నాను!"

అంతే అంది. కేకలు వెయ్యలేదు, గ్లాసు విసిరికొట్టలేదు. ఆ గ్లాసు చెల్లెలి ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అరిచేవాళ్ళతో ఏదోలా వేగొచ్చు. వాళ్ళ కోపం కేకలతో సగం ఖర్చయిపోతుంది. అక్కది అలాంటి కోపం కాదు. ఆ రోజు నుంచి చెల్లెలు ఎదురుపడితే "తిన్నావా" అని అడిగేది, "ఊ" అంటే "సరే" అనేది. అంతకుమించి ముక్క రాల్చేది కాదు.

ఆ మాట ఎందుకంత లోతుగా దిగిందో చెప్పాలి. వాళ్ళ నాన్న ముందే పోయాడు. అమ్మ పోయేనాటికి ఇంజనీరమ్మ పలక మీద అక్షరాలు దిద్దే పిల్ల. అక్క కొత్తగా పెళ్ళయిన మనిషి. బావ బస్సు కండక్టరు. "పెళ్ళాన్ని చేసుకుంటే మరదలు ఉచితం అన్నారు, బేరం బాగుందని ఒప్పుకున్నా," అని ఇప్పటికీ చెబుతుంటాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. కలగలేదని కూర్చుని బాధపడే తీరిక ఈ పిల్ల వాళ్ళకి ఇవ్వలేదు. ఇంట్లో కనబడిన ప్రతి వస్తువూ విప్పేసేది. ఒకసారి బావ టిక్కెట్ల మిషను విప్పి, మళ్ళీ బిగించి, ఒక స్ప్రింగు మిగిలిపోతే దాన్ని జేబులో వేసుకుని ఊరుకుంది. ఆ మిషను అంతకుముందుకంటే బాగా పనిచేసింది. ఆ రోజునే అక్క "ఇది ఇంజనీరమ్మ" అని పేరు పెట్టేసింది. పేరు పెట్టి ఊరుకోలేదు. రైలు పట్టాల అవతల చొక్కాల ఫ్యాక్టరీ ఉంటే వెళ్ళి అందులో చేరింది.

అక్కడ అక్కకి కాలరు పని ఇచ్చారు. చేరిన రోజున కాలరు దగ్గర కూర్చోబెట్టారు. ఒంట్లో ఓపిక తగ్గి మానేసిన రోజున కాలరు దగ్గర నుంచే లేచింది. మధ్యలో చెల్లెలు బడి దాటింది, కాలేజీ దాటింది, ఇంజనీరై, పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఏసీ గదిలో కుర్చీ సంపాదించింది. ఆ కుర్చీని చూడాలని అక్క ఒకసారి ప్రత్యేకంగా వెళ్ళింది. చేత్తో తడిమి చూసి, "మెత్తగా ఉందే," అని తృప్తిగా తిరిగొచ్చింది. అలాంటి కుర్చీని చెల్లెలు కాలదన్నిందంటే ఆవిడకి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇంజనీరమ్మ కూడా ఊరికే కాలదన్నలేదు. పంపుల ఫ్యాక్టరీలో ఆమె పని పనిని ముక్కలు చెయ్యడం. ఒక పంపు తయారవ్వాలంటే ఎన్ని పనులున్నాయి, ఏ పని ఎవరు చెయ్యాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఒక్కో ముక్కకి ఎంతసేపు పట్టాలి అన్నది ఆమె గీసి ఇచ్చేది. ఆ పనిలో ఆమె దిట్ట. కానీ ఒకరోజు వరసలో పనిచేసే ఒకావిడ చొక్కా చెయ్యి తిరిగే ఇరుసులో చిక్కుకుంది. మిషను ఆపేశారు కాబట్టి ఒంటి మీద గీత కూడా పడలేదు. చొక్కా మాత్రం పీలికలైంది. అందరూ మిషనుకి మూత ఎలా పెట్టాలా అని చర్చలు మొదలుపెట్టారు. ఇంజనీరమ్మ ఆ చిరిగిన చొక్కా చేతిలోకి తీసుకుని చూసింది. అది మగవాళ్ళ కొలతలకి కుట్టిన చొక్కా. ఆవిడ ఒంటికి ఎక్కడా అతకదు, చేతులు వేళ్ళ మీదకి జారుతుంటాయి. మూత కాదు, చొక్కా మార్చాలి అనిపించింది.

ఇంటికి వెళ్ళి, పంపులు గీసే అలవాటుతోనే చొక్కా చెయ్యి గీసింది. కత్తిరించింది. అతికించింది. తొడుక్కుంటే మోచెయ్యి మడత పడలేదు. మళ్ళీ గీసింది. వాళ్ళాయన లెక్కల మాస్టారు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తలెత్తి చూసి, పెళ్ళాం నేల మీద పాత దుప్పటి పరిచి దానిచుట్టూ మోకాళ్ళ మీద పాకుతుంటే ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనని మనిషి. ఇంజనీరమ్మకి మాత్రం ఒంట్లో ఏదో కొత్త సంతోషం మొదలైంది. ఇనుము చెప్పినమాట వింటుంది. ఎలా కోస్తే అలా పడి ఉంటుంది. బట్ట అలా కాదు, దానికో నడత ఉంది, ఒకవైపు సాగుతుంది, ఇంకోవైపు మొండికేస్తుంది, మనిషి కదిలితే తనూ కదులుతుంది. ఇన్నేళ్ళూ తను కదలని వస్తువులు గీసిందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఇక మనసు పంపుల మీద నిలబడలేదు.

ఫ్యాషన్ స్కూల్లో ఆమె పక్కన కూర్చున్నవాళ్ళంతా నిన్నమొన్న ఇంటరు దాటిన పిల్లలు. మొదటిరోజు ఆమెని చూసి టీచరనుకుని లేచి నిలబడ్డారు. రెండోరోజు నుంచి "ఆంటీ" అన్నారు. వాళ్ళు గీతలు గాల్లో గీసినట్టు గీసేవాళ్ళు. ఈవిడ స్కేలు లేకుండా ముక్కు కూడా తుడుచుకునేది కాదు. ఒకసారి అందరూ ఒక్కో గౌను కుట్టి బొమ్మకి తొడిగారు. ఇంజనీరమ్మ గౌనులో ప్రతి కుట్టూ లెక్కప్రకారం ఉంది. టీచరు దానిచుట్టూ ఒకసారి తిరిగింది, తలపండిన మనిషి.

"చాలా బాగా నిలబడిందమ్మా. వంతెన నిలబడినట్టు నిలబడింది," అంది. "ఇది వేసుకుని ఎవరైనా కూర్చోవాలంటే ఎలా?"

పిల్లలు గొల్లున నవ్వారు. ఇంజనీరమ్మ కూడా నవ్వింది కానీ, ఆ మాట మర్చిపోలేదు. కూర్చునే మనుషులకి, వంగే మనుషులకి, చేతులెత్తి పనిచేసే ఆడవాళ్ళకి బట్టలు చెయ్యాలని అప్పుడే పట్టుపట్టింది. మెరుపుల గౌన్లు ఎవరైనా చేస్తారు. నర్సు వేసుకునే కోటు, బస్సు నడిపే ఆవిడ చొక్కా, బడి ఆయా ప్యాంటు, వీటి గురించి ఎవరు ఆలోచించారు? చదువు పూర్తయ్యాక సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద మేడగది తీసుకుంది. పాత బల్ల మీద కత్తిరింపు, కిటికీ వెంబడి మిషన్లు, గోడకి హాంగర్లు. కింద నుంచి సైకిలు గంటలు, రబ్బరు వాసన. మొదట తనొక్కతే కుట్టుకుంది. తర్వాత ఒక ఆసుపత్రి నుంచి నర్సుల కోట్లు కుట్టమని పెద్ద పని వచ్చింది, నలుగురు ఆడవాళ్ళని పనిలో పెట్టుకుంది.

ఇంత జరిగినా అక్క ఆ మెట్లు ఎక్కలేదు. వీధిలో వాళ్ళు ఇప్పటికీ "ఇంజనీరమ్మ" అనే పిలుస్తున్నారు, పత్రికవాళ్ళు వచ్చి ఫొటో తీసుకుని వెళ్ళారు, నర్సులు కోట్లకి జేబులు సరైన చోట ఉన్నాయని కబురు పంపారు. ఇవన్నీ ఆమెకి బాగానే ఉండేవి, ఒక పూట. ఊరంతా చప్పట్లు కొట్టినా అక్క వచ్చి చూసి ఒక్కమాట అనకపోతే ఆమెకి ఆ చప్పట్లు వినపడవు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

బావకి మరీ తెలుసు. ఆయన ఒకరోజు కావాలని తన కోటు చంక దగ్గర చింపుకున్నాడు. "ఇది మరదలి దగ్గర కుట్టించాలి, నాకు మెట్లెక్కాలంటే మోకాళ్ళు నొప్పులు, చెయ్యి పట్టుకుని నడిపించు," అని అక్కని బయల్దేరదీశాడు. నిన్నటిదాకా మేడ మీద పావురాలని తరుముతూ తిరిగిన మనిషి. అక్కకి నాటకం అర్థమైంది. అయినా వచ్చింది.

గుమ్మంలో అక్కని చూసి ఇంజనీరమ్మ గబగబా కుర్చీ లాగింది, ఫ్యాను వేసింది, ఆ గాలికి కత్తిరించిన ముక్కలన్నీ ఎగిరిపోతే మళ్ళీ ఫ్యాను ఆపింది. తర్వాత ఉండబట్టలేక ఉత్సాహంగా మొత్తం చూపించడం మొదలుపెట్టింది. పనిని ఎంత చక్కగా విభజించిందో చూపించింది. ఇక్కడ కత్తిరింపు, ఇక్కడ చేతులు, ఇక్కడ కాలర్లు, ఆ చివర గుండీలు. ఎవరూ కుర్చీలోంచి లేవక్కర్లేదు, ముక్క చేతిలోంచి చేతిలోకి పోతుంది. ఒక్కో ముక్కకి పట్టాల్సిన సమయం గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టింది. పంపుల ఫ్యాక్టరీలో ఆమెకి పేరు తెచ్చిన పద్ధతి అదే. చూపిస్తున్నంతసేపూ ఆమె మొహం వెలిగిపోయింది.

అక్క కాలర్లు కుడుతున్న ఆవిడ దగ్గర ఆగింది. కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి, తల దించుకుని కుట్టుకుపోతోంది.

"ఏం కుడుతున్నావమ్మా?"

"కాలర్లండీ."

"మిగతా కోటు?"

"అది నాకు తెలీదండీ. పక్కావిడకి ఇచ్చేస్తాను."

అక్క ఆవిడ చేతుల వంక కాసేపు చూసింది. బావ కోటు బల్ల మీద పెట్టింది. మెట్ల దగ్గరికి వెళ్ళి, చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, "చక్కగా పెట్టావు. అచ్చం మా ఫ్యాక్టరీలాగే ఉంది," అని దిగిపోయింది.

ఇంజనీరమ్మ పప్పులో కాలేసింది. ఆ మాటని మెచ్చుకోలనుకుంది. ఇంటికెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా, "అక్క మెచ్చుకుందండీ!" అని మాస్టారికి చెప్పింది.

"ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పింది. ఆయన పెన్ను కింద పెట్టాడు. "అది మెచ్చుకోలే అంటావా?"

"మీకు అన్నీ తప్పులే కనిపిస్తాయి, దిద్దీ దిద్దీ," అని ఆమె విసుక్కుంది. కానీ అన్నం దగ్గర కూర్చున్నాక ఆ మాటనే మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకుంది.

మర్నాడు బావ ఒక్కడే వచ్చాడు. మోకాళ్ళ నొప్పుల సంగతి మర్చిపోయి మెట్లు చకచకా ఎక్కాడు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

"మీ అక్క నాకెప్పుడైనా చొక్కా కుట్టగా చూశావా?" అని అడిగాడు.

"అక్కకి తీరికెక్కడుంది బావా."

"వీధిలో వాళ్ళకి?"

"ఎవరైనా అడిగితే కుదరదనేది. ఫ్యాక్టరీలో కుట్టి కుట్టి విసుగనేది."

"విసుగు కాదే పిచ్చిదానా. రాదు." బావ కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. "మీ అక్కకి చొక్కా కుట్టడం రాదు. ఎవరు నేర్పారు దానికి? చేతులు వేరే వరసలో, జేబులు ఇంకో హాల్లో, గుండీలు కింది అంతస్తులో. చేరిన కొత్తలో ఓసారి నాకోసం గుడ్డ కొనుక్కొచ్చింది. కాలరు కుట్టింది. అబ్బ, అదేం కాలరు! తర్వాత మిగిలిన గుడ్డ ముందేసుకుని కూర్చుంది. చాలాసేపు కూర్చుని, మడిచి లోపల పెట్టేసింది. నేను చూడనట్టు పక్కకి తిరిగి పడుకున్నాను. ఈనాటిదాకా ఆ మాట మా మధ్య రాలేదు. ఊళ్ళో జనం అది టెక్కు చూపిస్తోందనుకున్నారు. అనుకోనీలే అని ఊరుకుంది. రాదని చెప్పడం కన్నా అది నయమనుకుంది."

కింద ఎవరో సైకిలు చక్రం తిప్పి చూస్తున్నారు.

"నిన్న ఆ కళ్ళజోడావిణ్ణి చూసి వచ్చాక మీ అక్క నాతో ఒక్కమాటే అంది. 'నేను చదివించిన చదువు పెట్టి ఇది నాలాంటిదాన్నే ఇంకోదాన్ని తయారుచేస్తోంది' అంది. నన్ను పంపలేదు. నేనే వచ్చాను. కోటు కుట్టడం అయిందా?"

కోటు కుట్టడం కాలేదు. బావ వెళ్ళిపోయాక ఇంజనీరమ్మ మిషన్ల వెనక నిలబడి అందరి వీపులూ చూసింది. తన చిన్నతనమంతా అక్క వీపు ఇలాగే ఎక్కడో వంగి ఉండేదని, తను ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదని గుర్తొచ్చింది. కుర్చీ చూడ్డానికి అక్క వచ్చింది కదా, అక్క కుర్చీ చూడ్డానికి తను వెళ్ళిందా? తడిగుడ్డ తీసుకుని గోడ మీది సుద్దరాతలు తుడిచేసింది. అక్షరాలు పోయాయి గానీ తెల్లటి మరక మిగిలింది.

రేపటి నుంచి ఎవరి కోటు వాళ్ళే, మొదటి నుంచి చివరిదాకా కుట్టాలని చెబితే నలుగురూ నోళ్ళు తెరిచారు. "మాకు రాదండీ," అన్నారు. "నాకూ రాలేదు. చిన్నపిల్లల మధ్య చిన్నపిల్లలా కూర్చుని నేర్చుకున్నాను, మీరు నా దగ్గర నేర్చుకోండి," అంది. అబ్బో, ఆ తర్వాత పడ్డ పాట్లు చెప్పాలంటే ఇంకో కథ అవుతుంది. ఎడమచెయ్యి కుడివైపు వచ్చింది. ఒక కోటుకి జేబు లోపలివైపు వచ్చింది. ఆసుపత్రి హెడ్‌నర్సు ఫోన్లో నిప్పులు చెరిగితే ఇంజనీరమ్మ అక్షరం ఎదురు మాట్లాడకుండా పడింది. పద్ధతి ప్రకారం ఆలోచించే ఆమె బుర్ర రోజూ గోల పెట్టింది, పాత వరస పెట్టేసుకుంటే పోదా అని. పెట్టలేదు. కొన్నాళ్ళకి కళ్ళజోడావిడ కుట్టిన కోటు పూర్తయింది. ఆవిడ దాన్ని హాంగరుకి తగిలించి, దానిచుట్టూ తిరిగి, వెనకవైపు కూడా చూసి, "ఇదంతా నేనేనా అండీ?" అని అడిగింది. ఆ సాయంత్రమే ఇంజనీరమ్మ అక్క ఇంటికి వెళ్ళింది.

అక్క పెరట్లో బట్టలు తీస్తోంది. "తిన్నావా?"

"లేదు. తినను. నాకో చొక్కా కావాలక్కా."

"నీ దగ్గర లేవా చొక్కాలు?"

"నువ్వు కుట్టింది కావాలి."

అక్క చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. తర్వాత మొహం గట్టిపడింది. "మీ బావ నోరు జారాడన్నమాట. జాలిపడి వచ్చావా? ఇంజనీరమ్మకి నా మీద జాలా?"

"జాలి కాదు. కోపం. ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదని కోపం."

"ఏం చెప్పాలే? కుట్టుపని చేసి చెల్లెల్ని చదివించాను, కానీ నాకు కుట్టడం రాదు అని చెప్పాలా? నవ్వరూ జనం?" అక్క గొంతు పెరిగింది. చాలాకాలం తర్వాత ఆవిడ చెల్లెలి మీద అరవడం అదే మొదలు. ఇంజనీరమ్మకి ఆ అరుపు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. "నాకు కాలరు తప్ప రాదే! చాలా? విన్నావా? కాలరు తప్ప ఏమీ రాదు!"

"అయితే కాలరు నుంచే మొదలుపెడదాం."

లోకంలో ఎవరూ చొక్కాని కాలరు నుంచి మొదలుపెట్టరు. భుజాలు కలిపి, మెడ తయారయ్యాక, ఆ మెడ కొలతకి కాలరు పెడతారు. ఫ్యాషన్ స్కూల్లో మొదటి నెలలోనే చెప్పే పాఠం అది. కానీ అక్క మేడగదికి వచ్చి కూర్చుని, లేతనీలం గుడ్డ తీసుకుని, లోపల గట్టిగుడ్డ పెట్టి ముందు కాలరు కుట్టేసింది. టేపు ముట్టుకోలేదు. ఆ చేతులకి ఒకే కొలత తెలుసు. ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి కుట్టిన మగవాళ్ళ కాలరు కొలత. కళ్ళు మూసి తెరిచేలోగా కాలరు తయారైంది. రెండు కొసలూ సూదుల్లా నిలబడ్డాయి. నలుగురు ఆడవాళ్ళూ మిషన్లు ఆపి చూశారు.

"ఇప్పుడు దీనికి తగ్గ చొక్కా గీయి," అంది అక్క.

ఇంజనీరమ్మకి అప్పుడే తెలిసిపోయింది, ఈ చొక్కాలో తనలాంటివాళ్ళు ఒకరున్నర పడతారని. కాలరు వెడల్పుకి మెడ గీస్తే మెడకి తగ్గట్టు భుజాలు జారతాయి, భుజాలు జారితే చేతులు కిందికి దిగుతాయి. నోటిదాకా వచ్చింది. మింగేసి, కాలరుకి తగ్గట్టే గీసి ఇచ్చింది. ఇంజనీర్ల చరిత్రలో అంత కష్టమైన గీత ఇంకొకటి ఉండదనుకుంటాను.

అక్క రోజూ భోజనాలయ్యాక వచ్చేది. "నువ్వు వేలు పెట్టకు, నోటితో చెప్పు చాలు," అని ఆంక్ష పెట్టింది. చెయ్యి అతికించడం రాక నాలుగుసార్లు విప్పింది. ఒకరోజు విసిరికొట్టి, ఇక రానని వెళ్ళిపోయి, మర్నాడు అందరికంటే ముందు వచ్చి మెట్ల మీద కూర్చుంది. కుడుతూ కుడుతూ ఫ్యాక్టరీ కబుర్లు చెప్పింది. మేస్త్రీ గురక గురించి, భోజనాల గంట కొట్టేవాడి మతిమరుపు గురించి, చెల్లెలి పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు కాలర్లు తలకిందులుగా కుట్టేసి తిట్లు తిన్న సంగతి గురించి. ఆ చివరిది చెప్పి, మామూలుగా దారం కొరుక్కుంది. ఇంజనీరమ్మ ఏదో పనున్నట్టు బల్ల కిందికి వంగింది.

చొక్కా పూర్తయిన రోజు మధ్యాహ్నం బావ, మాస్టారు కూడా వచ్చారు. ఇంజనీరమ్మ పక్కగదిలోకి వెళ్ళి తొడుక్కుని వచ్చి కిటికీ వెలుగులో నిలబడింది. కాలరు అద్భుతంగా ఉంది. మిగతాది ఎలా ఉందో చెబితే బాగుండదు. ఒక జేబు నేల చూపులు చూస్తోంది. అంచు ముందు ఒకలా, వెనక ఒకలా ఉంది. చేతులు వేళ్ళ చివర్లు దాటి వేలాడుతున్నాయి. ఎక్కడెక్కడ ఏం తప్పు జరిగిందో, దేన్ని ఎలా విప్పి ఎలా సరిచెయ్యాలో అన్నీ ఆమె కళ్ళకి వద్దన్నా కనబడుతున్నాయి. అక్క ఏమీ అడగడం లేదు. కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంటూ, పరీక్ష రాసి వచ్చిన పిల్లలా నిలబడి చూస్తోంది.

"చేతులు కాస్త పొడుగైనట్టున్నాయి," అంది చివరికి.

"కాస్తేం కాదక్కా."

బావ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. అక్క దగ్గరికి వచ్చి ఒక చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "విప్పేస్తావా?"

"ముట్టుకుంటే ఒట్టు."

"పోనీలే," అంది అక్క. "పెరిగే పిల్లవి కదా."

ఇంజనీరమ్మకి నలభై దాటాయి, జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చాయి. నవ్వుదామని నోరు తెరిచింది. నవ్వుకి బదులు ఏడుపు వచ్చింది. అక్కని పట్టుకుని, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. అక్క ఆ వేలాడుతున్న చొక్కా చేతినే అందుకుని చెల్లెలి మొహం తుడిచింది, ఒక కన్ను, తర్వాత రెండోది, తర్వాత ముక్కు.

"చూశావా," అంది, "పొడుగు పనికొచ్చింది."